తాళాలక్క చదివిన నంబరు

తాళం వేశాక ఎవరైనా ఒకసారి లాగి చూస్తారు. తాళాలక్క మూడుసార్లు లాగుతుంది. మొదటిసారి తాళం పడిందో లేదో అని. రెండోసారి, మొదటిసారి సరిగ్గా లాగిందో లేదో అని. మూడోసారి ఎందుకో ఆమెకే తెలియదు. వాళ్ళాయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆయన్ని అడిగితే, "పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి పట్టుకుని కూడా మూడుసార్లు లాగి చూసింది. ఊడిరానని తేలాకే కాపురం మొదలుపెట్టింది" అంటాడు.

ఆమె అనుమానానికి చిన్నా పెద్దా తేడా లేదు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడేమోనని, నవ్వకపోతే నీళ్ళు కలిపిన సంగతి తనకి తెలిసిపోయిందని వాడికి తెలిసిందేమోనని. ఇంట్లో గడియారం సరిగ్గానే నడుస్తుంది గాని, పక్కింటివాళ్ళ గడియారాన్ని అడగనిదే ఆమె నమ్మదు. అలాంటి మనిషికి దేవుడు సరిపోయే ఉద్యోగమే ఇచ్చాడు. ఊళ్ళో పెద్ద ఆసుపత్రి వెనకభాగంలో, కిందికి దిగే మెట్ల పక్కన ఉన్న బ్లాకుల గదికి ఆమె కాపలా. తాళపుచేతుల గుత్తి నడుముకి వేలాడుతూ ఉంటుంది. ఆ చప్పుడు వినబడగానే ల్యాబులో వాళ్ళు చేతిలో ఫోన్లు జేబుల్లో పెట్టేసుకుంటారు. తాళాలక్క అన్న పేరు అలా స్థిరపడింది.

బ్లాకంటే పెద్ద విషయమేమీ కాదు. ఆపరేషన్లో తీసిన ముక్కని మందునీళ్ళలో నానబెట్టి, తడంతా లాగేసి, కరిగించిన మైనంలో పెట్టి గడ్డకట్టిస్తారు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ పట్టీమీద నిలబెట్టి, పట్టీ అంచున పెన్సిలుతో నంబరు రాస్తారు. ఆ దిమ్మనించి ఉల్లిపొరకన్నా పలచగా ఒక పొర కోసి, గాజుపలకమీద పరిచి, రంగువేసి, డాక్టరు మైక్రోస్కోపులో చూసి రోగమేమిటో చెబుతారు. మిగిలిన దిమ్మని పారేయరు. ఏళ్ళ తరవాత రోగం తిరగబెట్టొచ్చు, కొత్త మందు రావొచ్చు. ఆ మందు ఆ మనిషికి పడుతుందో లేదో తెలియాలంటే మళ్ళీ ఆ దిమ్మనించే పొర కోయాలి. మనిషి ఇంటికి వెళ్ళిపోయినా ఆ మనిషి ముక్క ఒకటి ఈ గదిలోనే కాపురం ఉంటుంది. దాని బాగోగులు చూసేది తాళాలక్క.

ఆ సొరుగుల్లో ఒకదాంట్లో ఆమె చెల్లెలి ముక్క కూడా ఉంది.

తల్లి పోయినప్పుడు చెల్లెలు ఇంకా పలక పట్టుకుని తిరిగే పిల్ల. అక్కే పెంచింది. పెద్దయ్యాక అక్కా బావల ఇంట్లోనే ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బళ్ళ యూనిఫారాలు కుడుతోంది. కొన్నేళ్ళ కిందట రొమ్ములో గడ్డ తేలితే ఆపరేషన్ చేశారు. అప్పుడు ఒక కాగితమిచ్చి, మీ వైద్యానికి కావలసింది ఉంచుకుని మిగిలిన ముక్కని పరిశోధనకి వాడుకోవచ్చా అని అడిగారు. చెల్లెలు చదవకుండానే సంతకం పెట్టబోతే అక్క కాగితం లాక్కుని రెండుసార్లు చదివింది. "పెట్టకే, వీళ్ళ సంగతి నీకు తెలీదు" అంది. చెల్లెలు నవ్వి, "ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఏడిపించింది. బయటికొచ్చాకన్నా ఎవరికో పనికి రానీ" అని పెట్టేసింది.

ఇప్పుడు బాగానే ఉంది. బాగానే ఉన్నవాళ్ళనే తాళాలక్క ఎక్కువ అనుమానిస్తుంది.

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. ఇప్పటి డాక్టరమ్మకి ముందు ఒక పెద్దాయన ఉండేవాడు. ఏ పరిశోధన వచ్చినా సొరుగులు తెరిపించేవాడు. "పైపైన తీస్తాం, లోపల బోలెడు మిగులుతుంది" అనేవాడు. ఒకనాడు ఒక పెద్దావిడ రోగం తిరగబెట్టి వచ్చింది. బ్లాకు తీసి చూస్తే జల్లెడలా ఉంది, కోయడానికి మైనం తప్ప ఏమీ లేదు. ఆవిడకి మళ్ళీ సూది గుచ్చి ముక్క తీయాల్సి వచ్చింది. నడవలో చక్రాల కుర్చీలో కూర్చుని ఆవిడ, "పోయినసారి తీసిందేం చేశారు బాబూ?" అని కనబడ్డవాళ్ళందరినీ అడిగింది. ఎవరూ చెప్పలేదు. తాళాలక్క కూడా తల తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆనాటినించే మూడోసారి లాగడం మొదలైందేమో మరి.

ఇలా ఉండగా డాక్టరమ్మ చుక్కల దిమ్మ సంగతి తెచ్చింది.

దాని అసలు పేరు టిష్యూ మైక్రోఅర్రే. ల్యాబులో ఎవరికీ నోరు తిరగక చుక్కల దిమ్మ అన్నారు. ఎంతోమంది పాత బ్లాకుల్లోంచి బోలు సూదితో సన్నని ఊచలాంటి ముక్క లాగి, ఖాళీ మైనపు దిమ్మలో వరసగా రంధ్రాలు చేసి వాటిల్లో నిలబెడతారు. ఆ దిమ్మనించి ఒక్క పొర కోస్తే అంతమంది ముక్కలూ ఒకే గాజుపలకమీద చుక్కల్లా తేలతాయి. అందరికీ ఒకే రంగు, ఒకే గంట, ఒకే చెయ్యి. ఫలానా ప్రోటీను ఎక్కువగా ఉన్నవాళ్ళకి రోగం తిరగబెడుతోందా లేదా అన్నది డాక్టరమ్మ తేల్చదలుచుకున్న సంగతి.

మొదటిరోజే అందరినీ నిలబెట్టి చెప్పింది. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు. గడ్డ అన్నం కాదు. ఒక పక్క ఒకలా ఉంటుంది, ఇంకో పక్క ఇంకోలా. అందుకని ఒక్కొక్కరికీ మూడు చోట్లనించి తీయాలి. ఎక్కడ తీయాలో గాజుపలకమీద సిరాతో గుర్తు పెట్టిస్తాను, ఆ గీత దాటొద్దు. ఒక మూలన కాలేయం ముక్క పెడదాం. ఎలా తిప్పినా ఆ మూల ఏదో తెలుస్తుంది, పలక తలకిందులైతే పట్టుబడుతుంది. పలచబడిపోయిన బ్లాకులు మాత్రం ముట్టుకోకండి. నా దగ్గరికి తీసుకురండి, నేను చూస్తాను."

'పెద్దాయనా ఇలాగే నమ్మబలికేవాడు' అనుకుంది తాళాలక్క.

సూది పట్టే పని కొత్తమ్మాయిది. చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఉద్యోగం ఖాయం కావాలంటే డాక్టరమ్మ సంతకం పెట్టాలి. పిల్ల నెమ్మదస్తురాలు, పనిచేస్తూ కూనిరాగం తీస్తుంది. తాళాలక్కకి ఆ కూనిరాగమే నచ్చలేదు. మనసులో ఏమీ లేకపోతే రాగమెందుకు? దానికితోడు పిల్ల అందరికన్నా ముందొస్తోంది. జీతం పెరగనివాళ్ళు ముందెందుకు వస్తారు? ఒకరోజు తాళాలక్క ఇంకా ముందొచ్చి తలుపు సందులోంచి చూసింది. కొత్తమ్మాయి ఖాళీ మైనపు దిమ్మలు ముందేసుకుని రంధ్రాలు చేస్తోంది, ఊచ నిలబెడుతోంది, తీస్తోంది, మళ్ళీ నిలబెడుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

పిల్ల ఉలిక్కిపడింది. "చెయ్యి తిరగాలని అక్కా. అసలు ముక్కలమీద నేర్చుకుంటే వాళ్ళవి పాడైపోతాయి కదా."

తాళాలక్క చెత్తబుట్ట వంచి చూసింది. మైనపు తరుగు తప్ప ఏమీ లేదు. ఏమీ దొరకనందుకు కాస్త చిన్నబుచ్చుకుని గదికి వెళ్ళిపోయింది.

పరిశోధనకి కావలసిన నంబర్లు వచ్చాయి. పేర్లుండవు, నంబర్లే. సొరుగులు తీస్తూ పోతుంటే ఒక నంబరు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. తన ఫోను నంబరన్నా తడుముకుంటుంది గాని ఆ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

చెల్లెలి బ్లాకులు ఒకటి కాదు, నాలుగైదున్నాయి. గడ్డ ఉన్నది ఒకటే. మిగిలినవి చుట్టుపక్కల మంచి కండవి, కొవ్వువి. నంబరంతా ఒకటే, చివర గీతపక్కన అంకె మాత్రం మారుతుంది. గడ్డ ఉన్న దిమ్మని వెలుగుకి ఎత్తి చూసింది. ఇప్పటికే చాలా పొరలు కోశారు. మిగిలింది తక్కువే. ఇందులోంచి మూడు ఊచలు లాగితే? రేపు తిరగబెడితే? చక్రాల కుర్చీలో పెద్దావిడ గొంతు చెవిలో వినబడింది.

డాక్టరమ్మ గది పది అడుగుల దూరంలో ఉంది. 'ఇది పలచబడిందమ్మా' అని ఒక్కమాట చెబితే సరిపోయేది. కాని చెబితే, 'ఎవరిది?' అంటుంది. 'మా చెల్లెలిది' అంటే, 'సొంతవాళ్ళదని అడ్డం పడుతోంది' అనుకుంటుంది. అసలు చూసి కూడా 'పరవాలేదు, తీయండి' అంటే అప్పుడేం చేయాలి? ఇలా ఒక అనుమానానికి ఇంకో అనుమానం తోకలా తగులుకుని, చివరికి గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుకుంది. గడ్డ ఉన్న దిమ్మని తీసి, ఎవరూ తెరవని పాతకాలపు సొరుగులో వెనక్కి తోసి తాళం వేసింది. మూడుసార్లు లాగింది. దాని బదులు కొవ్వు ముక్క ఉన్న దిమ్మని పళ్ళెంలో పెట్టింది. 'ఇదీ దానిదేగా. ఇంకొకరిది పెట్టలేదుగా' అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. ఒకరు బ్లాకు చేతిలో పట్టుకుని అంచుమీది నంబరు పైకి చదవాలి. రెండోవాళ్ళు పటం ముందు పెట్టుకుని, చెవితో విన్నది కంటితో చూసి టిక్కు పెట్టాలి. పటమంటే ఏ రంధ్రంలో ఎవరి ఊచ ఉందో చూపే గళ్ళ కాగితం. చదివేది తాళాలక్క. టిక్కు పెట్టేది కొత్తమ్మాయి. చదివేవాళ్ళు అబద్ధం చదువుతారని ఆ పద్ధతి పెట్టినవాళ్ళకి తోచలేదు. తాళాలక్క అబద్ధం చదువుతుందని అసలు ఎవరికీ తోచదు. అందరినీ అనుమానించే మనిషిని ఎవరూ అనుమానించరు.

ఆ దిమ్మ వంతు వచ్చింది. చేతిలో ఉన్నదాని అంచుమీద చివరి అంకె ఒకటి. నోటితో చదివింది వేరొకటి. గొంతు మామూలుగానే ఉంది. కొత్తమ్మాయి టిక్కు పెట్టి, దిమ్మ అందుకుని ఇనుప పట్టులో బిగించింది. బిగిస్తే అంచుమీది నంబరు పట్టు కింద దాగిపోతుంది. సిరా గుర్తున్న గాజుపలకని దిమ్మమీద ఆనించి చూసింది. కూనిరాగం ఆగింది.

"అక్కా, ఆకారం కలవట్లేదు."

"పాత దిమ్మ. ఎన్ని పొరలు కోశారో. లోపలికి పోయేకొద్దీ ఆకారం మారుతుంది."

"ఇంత మారుతుందా?"

"నేనీ గదిలో అడుగుపెట్టేనాటికి నువ్వు బడికి కూడా వెళ్ళుండవు."

పిల్ల గుర్తుకి దగ్గరగా ఉన్న చోటు చూసుకుని మూడు ఊచలు తీసింది. మళ్ళీ కూనిరాగం తీయలేదు. తాళాలక్క అది గమనించింది.

దిమ్మ పూర్తయ్యాక మొదటి పొర కోసి, మామూలు రంగు వేసి డాక్టరమ్మకి ఇచ్చారు. అసలు పరీక్ష మొదలుపెట్టే ముందు, ప్రతి చుక్కనీ దాని తల్లి పలకతో, అంటే అసలు బ్లాకునించి కోసిన గాజుపలకతో, పోల్చి చూడటం ఆవిడ అలవాటు. మధ్యాహ్నం అయ్యేసరికి కబురొచ్చింది, ఇద్దరినీ రమ్మని.

"ఈ గడిలో మూడు చుక్కలున్నాయి. మూడింట్లోనూ కొవ్వు, కాస్త మంచి కండ. గడ్డ లేదు" అంది డాక్టరమ్మ. కేకలు వేయదు, అదే భయం. "ఒకటి తప్పితే సూది పక్కకి పోయిందనుకుంటాను. రెండు తప్పితే ఖర్మ అనుకుంటాను. మూడుకి మూడూ ఎలా తప్పుతాయి?"

ఆవిడ మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగింది.

"కాలేయం మూల సరిగ్గానే ఉంది. తలకిందులు కాలేదు. మరి వరస జరిగిందా? ఒక గడి ఎక్కువో తక్కువో లెక్కబెట్టి, అక్కడినించి అందరివీ పక్కగడుల్లో పెట్టావా?"

"లేదు డాక్టరమ్మా" అంది కొత్తమ్మాయి.

"ఎలా చెప్పగలవు?"

పిల్ల నోరు తెరిచింది. తాళాలక్క గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుంది. పిల్ల ఒక్కసారి ఆమెవైపు చూసి నోరు మూసుకుంది.

"పక్క చుక్కలు చూశాను. గడ్డ ఉంది. కాని ఇంత చిన్న చుక్కలో చూసి, ఇది ఫలానా నంబరుదే అని నేను ప్రమాణం చేయలేను. ఎక్కడ తప్పిందో తెలిస్తే ఆ ఒక్క గడి కొట్టేసి ముందుకు పోతాను. తెలియకపోతే ఈ దిమ్మలో ఏ రంధ్రాన్నీ నమ్మను. అంతా పారేయాల్సిందే. ఇంకో దిమ్మ చేద్దామంటే బ్లాకులనించి ఒకసారి తీసేశాం, రెండోసారి తీయనివ్వను." కొత్తమ్మాయి వైపు తిరిగింది. "తేలేదాకా నువ్వు సూది ముట్టుకోకు. నీ కాగితాలు కూడా అప్పటిదాకా నా బల్లమీదే ఉంటాయి."

తాళాలక్క తన గదిలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడామె అనుమానమంతా ఒక్కచోటికి చేరింది. పిల్లకి తెలుసా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు? చెప్పకుండా దాచి ఏం చేద్దామని? నడవలో ఎవరైనా గుసగుసగా మాట్లాడితే తన గురించేననిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే పాత సొరుగు తాళం రెండుసార్లు చూసి వచ్చింది.

సాయంత్రం కొత్తమ్మాయి రెండు గ్లాసుల టీ తీసుకుని వచ్చింది. తాళాలక్క ఆ గ్లాసుని పాము పిల్లని చూసినట్టు చూసింది. ఎందుకు తెచ్చింది?

"అక్కా, ఆ రోజు ఆకారం కలవట్లేదని నేనన్నాను. మీకు గుర్తుందా?"

"లేదు" అంది తాళాలక్క. "నాకు గుర్తులేదు."

పిల్ల ఒక గ్లాసు బల్లమీద పెట్టింది. "సరే అక్కా. నాకే పొరపాటుగా గుర్తుండి ఉంటుంది" అని లేచి వెళ్ళిపోయింది. టీ చల్లారి మీగడ కట్టింది. తాళాలక్క తాగలేదు.

ఇంటికి వెళ్తే ముందుగదిలో చెల్లెలు మిషను తొక్కుతోంది. బావగారు పక్కన కూర్చుని గుండీలు ఏరిపెడుతున్నాడు.

"ఏంటే అక్కా, మొహం అలా ఉంది? ఏ తాళమైనా ఒక్కసారికే పడిపోయిందా?"

"ల్యాబులో దొంగ పడ్డాడేమో. మీ అక్క ఉండగా దొంగకెంత ధైర్యం" అన్నాడు మెకానిక్కు.

చెప్పకూడదనుకుంటూనే సగం చెప్పింది. చుక్కల దిమ్మలో ఒక గడి తప్పిందని, ఎక్కడ తప్పిందో తేలకపోతే అంతా పారేస్తారని. చెల్లెలు మిషను ఆపింది.

"అంతా అంటే అందరివీనా?"

"అందరివీ."

"మా బ్యాచి వాళ్ళవి కూడానా? నాతోపాటు మందెక్కించుకున్నవాళ్ళవి?"

"ఉండొచ్చు."

"పక్క మంచం నవ్వులావిడది?"

తాళాలక్కకి ఆవిడ బాగా గుర్తుంది. జుట్టు రాలిపోతుంటే, దువ్వెన ఖర్చు మిగిలిందని నవ్విన మనిషి. చెల్లెలికి వాంతులవుతుంటే బేసిను పట్టుకుని కూడా జోకులు వేసేది. రెండో ఏడు తిరగకుండానే పోయింది. ఆవిడ నంబరు ఆ పళ్ళెంలో ఉంది. తాళాలక్కే చదివింది. అది మాత్రం నిజంగానే చదివింది.

"ఉంది" అంది.

"ఆవిడ నాకేం చెప్పిందో తెలుసా? 'నాకెందుకు తిరగబెట్టిందో, నీకెందుకు తిరగబెట్టలేదో ఎవరైనా కనిపెడితే బాగుండు పిల్లా, మనిద్దరివీ పక్కపక్కన పెట్టి చూడమనాలి' అంది. ఇద్దరం ఒకేరోజు సంతకం పెట్టాం." చెల్లెలు దారం తెంపింది. "నాది కూడా అందులో ఉందా అక్కా?"

తాళాలక్క గుత్తి విప్పి మేకుకి తగిలించబోయింది. మేకు తప్పి గుత్తి కింద పడింది.

"నిన్నే అడిగేది. ఉందా?"

తాళాలక్క వంగి గుత్తి ఏరుకుంది. చెల్లెలు అక్కని పుట్టినప్పటినించీ చూస్తోంది. ఆమెకి అర్థం కావడానికి జవాబు అక్కర్లేదు.

"ఏం చేశావే?"

చెప్పింది. ఈసారి మొత్తం చెప్పింది. దాచిన సొరుగు, చదివిన నంబరు, పిల్ల అడిగిన మాట, చల్లారిన టీ, అన్నీ. మెకానిక్కు గుండీలు డబ్బాలో పోసి మూత పెట్టాడు. ఆయనకి కూడా జోకు దొరకలేదు.

"కంచే చేను మేసిందన్నమాట" అంది చెల్లెలు చివరికి. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "నా ముక్కమీద నీ తాళమేంటే అక్కా? ఇవ్వాలా వద్దా అన్నది నా ఇష్టం. నేను ఇచ్చాను. నువ్వు దొంగిలించావు."

"నీకోసమే కదే."

"నాకోసమని ఆవిడది చెత్తబుట్టలో వేయిస్తావా? ఆవిడకి ఇంకేం మిగిలింది చెప్పు, ఆ చుక్క తప్ప?" మళ్ళీ మిషను తొక్కబోయి ఆపింది. "ఆ పిల్ల ఎవరి కూతురో. రేపు ఉద్యోగం పోతే వాళ్ళింట్లో ఏమని చెప్పుకుంటుంది? మా అక్కకి గుర్తులేదని చెప్పుకుంటుందా?"

మర్నాడు తాళాలక్క తన గది తాళం తీయకముందే డాక్టరమ్మ గది బయట నిలబడింది. పక్కనే కొత్తమ్మాయి కూడా ఉంది, ఏదో కాగితం పట్టుకుని. రాజీనామా అని తాళాలక్క అనుమానించింది. ఆ ఒక్క అనుమానం మాత్రం నిజమైంది.

"ఆ కాగితం లోపల పెట్టుకో" అంది. "నువ్వన్నావు, ఆకారం కలవట్లేదని. నాకు గుర్తుంది."

పిల్ల ఆశ్చర్యపోలేదు. "తెలుసక్కా" అంది మెల్లగా. "మీరు మర్చిపోయే మనిషి కాదు."

తెలిసి కూడా చెప్పలేదు ఈ పిల్ల. ఎందుకని అడగబోయి తాళాలక్క ఆగిపోయింది. జవాబు ఏదైనా దాన్ని నమ్మడం తనకి చేతకాదనిపించింది.

డాక్టరమ్మ అంతా విన్నది. తరవాత ముగ్గురూ కలిసి పాత సొరుగు దగ్గరికి వెళ్ళారు. తాళాలక్క తీసి ఇచ్చిన దిమ్మని డాక్టరమ్మ కిటికీ వెలుగుకి ఎత్తి, పక్కనించి, పైనించి చూసింది.

"పలచబడింది" అంది. "నా దగ్గరికి తెచ్చుంటే ఒక్క ఊచ కూడా తీయనిచ్చేదాన్ని కాదు. వైద్యానికి కావలసింది ముందు, పరిశోధన తరవాత. మొదటిరోజే చెప్పాను కదమ్మా."

"చెప్పారు."

"మరి?"

"నమ్మలేదు."

డాక్టరమ్మ నిట్టూర్చింది. కొవ్వు ముక్క దిమ్మ తెప్పించి చూస్తే, దానిమీద మూడు రంధ్రాలూ కనిపించాయి. పటంలో ఆ గడిని ఎర్రగీతతో కొట్టేసి, ఎందుకు కొట్టేశారో పక్కన రాసి సంతకం పెట్టింది. తాళాలక్క చేత కూడా పెట్టించింది. "ఈ ఒక్క తప్పే అని ఎలా నమ్మను?" అని, పళ్ళెంలో ఉన్న బ్లాకులన్నింటినీ మళ్ళీ బల్లమీద పెట్టించింది. ప్రతి దిమ్మ అంచునీ, రంధ్రాలనీ, తల్లి పలకనీ కలిపి తానే చూసింది. పని తెమిలేసరికి సాయంత్రమైంది. ఇంకో తప్పు దొరకలేదు. చుక్కల దిమ్మ బతికింది. నవ్వులావిడ చుక్క దాని గడిలో అది ఉంది.

"గుత్తి ఇక్కడ పెట్టండి" అంది డాక్టరమ్మ చివరికి.

తాళాలక్క నడుమునించి విప్పి బల్లమీద పెట్టింది. అన్నేళ్ళు వేలాడిన చోట బట్ట నలిగి మచ్చ పడి ఉంది. పైవాళ్ళకి రాయాల్సింది రాస్తానని, ఏమవుతుందో తన చేతిలో లేదని డాక్టరమ్మ చెప్పింది. అలాగే రాసింది. ఉద్యోగం పోలేదు గాని బ్లాకుల గది పోయింది. మైనం కరిగించే బల్లకి మార్చారు. చెల్లెలి బ్లాకు దాని సొంత సొరుగులోకి వెళ్ళింది. ఆ తాళం ఇంకెవరో వేస్తున్నారు. ఎన్నిసార్లు లాగుతున్నారో తాళాలక్క అడగలేదు. అడగాలని మాత్రం రోజూ ఉంటుంది.

ఇంటిదగ్గర చెల్లెలు కొన్నాళ్ళు ముక్తసరిగా మాట్లాడింది. తరవాత ఒకరోజు అన్నం పెడుతూ, "నా ముక్క మీ ల్యాబులో క్షేమమేనా, లేక బావ చొక్కా జేబులో దాచావా?" అంది. అది రాజీ అని అందరికీ అర్థమైంది. మెకానిక్కు వెంటనే జేబు తడుముకున్నాడు.

వేరే రోగుల బ్లాకులతో రెండో చుక్కల దిమ్మ చేసేటప్పటికి చేతులు చాలక తాళాలక్కని మళ్ళీ పిలిచారు. కాని పద్ధతి మారింది. చదివినవాళ్ళు దిమ్మని రెండోవాళ్ళ చేతికివ్వాలి. రెండోవాళ్ళు టిక్కు పెట్టే ముందు అంచు తమ కళ్ళతో చూడాలి. ఆకారం కలవకపోతే ఎవరు ఏం చెప్పినా పని ఆపేసి డాక్టరమ్మని పిలవాలి. ఉద్యోగం ఖాయమైన కొత్తమ్మాయి పటం ముందు కూర్చుంది. తాళాలక్క మొదటి దిమ్మ తీసి నంబరు చదివింది.

కొత్తమ్మాయి చెయ్యి చాపింది. దిమ్మ అందుకుని, అంచు వెలుగుకి తిప్పి, పెదవులు కదుపుతూ అంకెలన్నీ చదువుకుంది. ఒకసారి చదివి, మళ్ళీ చదివింది. టిక్కు పెట్టబోయి, ఇంకోసారి చూసింది.

"ఏమనుకోకండి అక్కా" అంది.

"అనుకోను" అంది తాళాలక్క. పిల్లకి ఇలా నేర్పాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. అయినా తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. రెండో దిమ్మ చేతికి తీసుకుని, ఈసారి కాస్త గట్టిగా, ఒక్కొక్క అంకెనీ విడివిడిగా చదివింది.

పిల్ల చెయ్యి మళ్ళీ చాపింది. కూనిరాగం మాత్రం తిరిగి రాలేదు.